అణు కేంద్రానికి ముద్ర వేయించుకునే రోజు

మా అక్క నా కొట్టుకు ఫోన్ చేసిందంటే విషయం చిన్నది కాదని అర్థం. ఎస్టీడీ మీటరు తిరుగుతుంటే ఆమెకు మాట పెగలదు. ఆ రోజు మాత్రం గడగడా చెప్పేసింది.

"సుబ్బూ, ఒకసారి వచ్చిపో రా. కమిటీ వాళ్లు వచ్చినారు. మీ బావ మా కొంపను మా చేతులతోనే ఎత్తిచ్చేటట్టు ఉండాడు. బేరం ఎట్లా ఆడాలో నువ్వన్నా చెప్పు."

బావ పనిచేసేది మద్రాసుకు దక్షిణంగా, సముద్రం ఒడ్డున ఉన్న అణు విద్యుత్ కేంద్రంలో. కేంద్రం పాతబడింది. అలాంటిది నడపాలంటే లైసెన్సు ఉండాలి. గడువు తీరినప్పుడల్లా బొంబాయి నుంచి కమిటీ వచ్చి, అంతా చూసి, ఇంకొన్నేళ్లు నడపవచ్చని చెప్పాలి. ఈసారి చెప్పరేమోనని కాలనీ అంతా పుకారు. చెప్పకపోతే మనుషుల్ని వేరే కేంద్రాలకు పంపేస్తారు. బావకు రాజస్థాన్ రాసిపెట్టి ఉందట. అక్క కూతురు మద్రాసులో, రాయపురంలో కాపురం ఉంటోంది. చంటి మనవడున్నాడు. ప్రతి ఆదివారం అక్క బస్సెక్కి వాణ్ణి చూసి రావాల్సిందే. రాజస్థాన్ నుంచి ఏ బస్సెక్కుతుంది?

కమిటీ ముందు నిలబడి, కేంద్రంలో ఏ భాగం ఎంత అరిగిందో చెప్పాల్సిన వాడు మా బావే.

నాకు ఇదంతా బాగా తెలిసిన వ్యవహారం అనిపించింది. మాదీ మద్రాసే, జార్జి టౌన్‌లో మూడు తరాల తక్కెడల కొట్టు. తక్కెడకు ఏడాదికోసారి సర్కారు ముద్ర పడాలి. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు ఏం చేయాలో మా ఇంట్లో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. మంచి తక్కెడ ముందు పెట్టాలి, ముల్లు నిదానంగా ఊగేది వెనక పెట్టాలి, అడిగిందానికే జవాబు చెప్పాలి. అణు కేంద్రమంటే కొంచెం పెద్ద తక్కెడ, అంతే గదా అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది కానీ, ఆ రోజు బనియను మీద చొక్కా వేసుకుంటూ నిజంగా అలాగే అనుకున్నాను.

గురువారం పొద్దున ఏడు గంటలకు బయలుదేరాను. మా సందు నుంచి బ్రాడ్‌వే బస్టాండుకు ఆటో అడిగాను. అతను చెప్పిన ధరకు నేను ఒప్పుకోలేదు, నేను చెప్పిన ధరకు అతను ఒప్పుకోలేదు. ఆటో మెల్లగా నడుపుతూ అతనూ, పక్కనే నడుస్తూ నేనూ, తోపుడు బళ్ల మధ్యన బేరం సాగించాం. కుదిరేసరికి ఎదురుగా బస్టాండు. అతను నవ్వి, "నడిచినందుకు మీరే కూలి పుచ్చుకోండి సార్," అని తమిళంలో అని వెళ్లిపోయాడు.

ఈ దారిన వెళ్లదలచిన వాళ్లకు ఒక మాట. బ్రాడ్‌వేలో మహాబలిపురం మీదుగా పోయే బస్సులు చాలానే ఉంటాయి. పాత మహాబలిపురం రోడ్డు మీద పోయేది ఎక్కండి, నిలబడాల్సిన పని ఉండదు. పొద్దుటి ప్రయాణమైతే కుడి పక్క కిటికీ చూసుకోండి, ఎడమ పక్క ఎండ మొహాన కొడుతుంది. కానీ ఉప్పు కయ్యలు కనిపించేది ఎడమ పక్కే. రెండూ కావాలంటే నాలాగా బస్సంతా సీట్లు మారుతూ కండక్టరు చేత తిట్లు తినాలి.

అడయారు దాటాక ఊరు పలచబడుతుంది. షోళింగనల్లూరు దగ్గర గేదెలు అడ్డం వచ్చి బస్సు ఆగింది. ఆ మధ్య మా పక్క కొట్టాయన అక్కడ ఒక స్థలం కొనమని వెంటపడితే, "ఉప్పునీళ్లలో ఏం నాటుతానయ్యా?" అని ఎగతాళి చేసి పంపాను. ఇప్పుడు సరిగ్గా అక్కడే ఏదో కంప్యూటర్ ఆఫీసు రాబోతోందని పెద్ద బోర్డు పాతారు. బోర్డు కనిపించకుండా నేను మళ్లీ కుడి పక్క సీటుకు మారాను.

మా ఆవిడ కట్టిచ్చిన పొడి ఇడ్లీలు కేళంబాక్కంలో విప్పాను. పక్కన ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఒడిలో కొత్త అల్యూమినియం డేగిసా. ఒక ఇడ్లీ ఇస్తే మొహమాటం లేకుండా తీసుకున్నాడు. నేను తెలుగువాణ్ణని నా పొట్లం చుట్టిన పేపరు చూసి కనిపెట్టాడు.

"మేమూ తెలుగోళ్లమే సామీ. మా తాతకు తాత కాలంలో ఈడికి వచ్చినాము. కాలనీ గేటు కాడ మనదే టీ కొట్టు. మీకు ఆడ ఏం పని?"

"మా అక్క ఇల్లు అక్కడే."

"అట్లనా! మూసేస్తారని చెప్తా ఉండారే, నిజమా?"

"మీకెవరు చెప్పారు?"

"నా టీ తాగేవాళ్లే. ఒకడు మూసేస్తారంటాడు. ఇంకొకడు ఎప్పిటికీ మూయరంటాడు. ఇద్దరికీ చక్కెర మాత్రం జాస్తి కావాల."

"మీరేమనుకుంటున్నారు?"

ఆయన డేగిసాను ఒకసారి వేలితో మోగించి చూపించాడు. "పెద్దదే కొన్నా చూడండి. నడుస్తాదనే."

మహాబలిపురంలో బస్సు పది నిమిషాలు ఆగుతుంది. దిగితే గవ్వల దండల వాళ్లు చుట్టుముడతారు. నన్ను చూసి ఉత్తరాది యాత్రికుడనుకున్నారో ఏమో, హిందీలో ధర చెప్పారు. నేను తమిళంలో నాలుగో వంతుకు అడిగేసరికి వాళ్లే దండం పెట్టి పక్కకు తప్పుకున్నారు. టీ బాగుంటుంది. బజ్జీ జోలికి పోకండి.

పదిన్నరకు కాలనీ గేటు ముందు దిగాను. గేటు దగ్గర ఎవరింటికి వచ్చామో చెప్పి పేరు రాయాలి. కాలనీ దాకా చుట్టాలు రావచ్చు. కేంద్రంలోకి మాత్రం రానివ్వరు, అడిగి లాభం లేదు. నేను అడిగాను. "దూరం నుంచి తలుపు సందులోంచి చూసినా చాలు," అని ఒక మెట్టు దిగి కూడా అడిగాను. గేటు మనిషి నా మొహం కేసి చూసి, చిరునామా సరిగా రాశానో లేదో మళ్లీ చూసుకున్నాడు.

కాలనీ చక్కనిది. సరుగుడు తోపులు, ఒకే రంగు ఇళ్ల వరసలు, ఎటు తిరిగినా సముద్రపు హోరు. తోపుల పైన దూరంగా కేంద్రం తాలూకు రెండు గుండ్రటి కప్పులు బోర్లించిన గంగాళాల్లా కనిపిస్తాయి. నాకు నచ్చనిది ఒక్కటే. అక్కడి సహకార దుకాణంలో తోటకూర కట్ట మీద కూడా ధర రాసి ఉంటుంది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. డబ్బులిచ్చి, కట్ట పట్టుకుని పోతారు. అక్క కోసం ఒక కట్ట కొని, అరటికాయ దొంగిలించినవాడిలా బయటపడ్డాను.

అక్క ముల్లంగి సాంబారు చేసింది. వడ్డిస్తూనే మొదలుపెట్టింది.

"రాజస్థాన్‌లో ఇసక తప్ప ఏమీ ఉండదంట రా. చింతపండు దొరుకుతాదా ఆడ? రెండు రోజుల రైలు. నా మనవడు నన్ను ఫోటోలో చూసి గుర్తుపట్టాల్నా?"

"బావ ఏం చేశాడని?"

"చేసినాడు కాదు, చెయ్యబోతాడు. ఏదో గొట్టం పలచబడిందంట. రిపోర్టు పంపించిన తర్వాత కొలిచినారంట. రేపు కమిటీ కూర్చునే ఆఖరి రోజు. తనే లేచి నిలబడి ఆ మాట చెప్తాడంట. యూనిట్ ఆపండి, గొట్టం మార్చండి అంటాడంట. ఒకసారి ఆపితే మళ్లీ నడపనిస్తారని ఏం నమ్మకం రా? ముసలిదానికి ఇంత ఖర్చు ఎందుకు, మూసేయండి అంటే?"

"అక్కా, నువ్వు నిమ్మళంగా ఉండు. అది నా పని," అన్నాను. రెండోసారి సాంబారు పోయించుకున్నాను కూడా.

బావ అయిదింటికి స్టాఫ్ బస్సు దిగి వచ్చాడు. సన్నటి మనిషి, నెల్లూరు వైపు వాడు. కోపం రాదు, తొందర ఉండదు. చొక్కా జేబులో పెన్ను ఎప్పుడూ ఒకే కోణంలో ఉంటుంది. నన్ను చూసి సంతోషపడ్డాడు. కాఫీ అయ్యాక ముగ్గురం వరండాలో కూర్చున్నాం. మార్గశిరం చలిగాలి. అక్క చాటలో అనపకాయలు పోసుకుని ఒలుస్తోంది.

"బావా, రేపు ఎన్నేళ్లకు అడుగుతున్నారు?" అన్నాను.

బావ చెప్పాడు.

"రెట్టింపు అడగండి. వాళ్లు సగానికి కోస్తారు. మీరు అనుకున్నది మిగులుతుంది. ఇంకో మాట. వాళ్లు అడగంది మీరు చెప్పొద్దు. కొట్టుకొచ్చిన వాడికి మేము చీర అంచు చూపిస్తామా, చిరుగు చూపిస్తామా?"

"మీరు అమ్మేది తక్కెళ్లు గదయ్యా."

"మాట వరసకు, బావా."

బావ కాసేపు ఆలోచించి నవ్వాడు. "సరే సుబ్బూ. నువ్వే కమిటీ అనుకో. అడుగు. నేను జవాబు చెప్తా. ఎట్టా చెప్పాలో నువ్వు దిద్దు."

పేము కుర్చీలో వెనక్కి వాలి, కాలు మీద కాలేసుకున్నాను. కండువా ఉంటే ఇంకా బాగుండేది. బావ నిజంగానే లేచి నిలబడ్డాడు.

"ఏమయ్యా, మీ కేంద్రం ఎలా ఉంది?"

"పాతబడింది సార్," అన్నాడు బావ.

"అయ్యో! అలా మొదలుపెడతారా ఎవరైనా? బంగారంలా ఉంది సార్ అనాలి."

"బంగారం కాదు గదా. సరే, మళ్లీ అడుగు."

మళ్లీ అడిగాను. బావ మళ్లీ పాతబడిందనే చెప్పాడు. ఆ తర్వాత నేను అడగకుండానే ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయాడు. కేబుళ్ల తొడుగు కొన్నిచోట్ల గట్టిపడింది, ఫలానా చోట మార్చేశాం, ఫలానా చోట ఇంకా మార్చలేదు. ఒక పంపు మునుపటి కంటే ఎక్కువ అదురుతోంది, విడి పంపు సిద్ధంగా ఉంది. ఒక వాల్వు మూసుకోవడానికి పట్టే సమయం పెరిగింది, ఇంకా హద్దులోనే ఉంది. ఇక ఆ గొట్టం.

"గోడ అరుగుతోంది సార్. ముందోసారి కొలిచాం, ఇప్పుడు కొలిచాం. ఈ రోజుకు చాలినంత మందం ఉంది. మేము అడుగుతున్నన్ని ఏళ్లకు చాలదు."

"మరి ఏం చేద్దామంటావు?"

"యూనిట్ ఆపి మార్చాలి."

"ఆపాక మళ్లీ నడపనిస్తామో లేదో?"

అక్క చేతిలో అనపకాయ ఆగిపోయింది.

"అది మీ చేతిలో ఉంది సార్," అన్నాడు బావ.

నేను ఇంకా కమిటీనే. అడగాల్సింది చాలా ఉందనిపించింది. కానీ నేనొకటి వెతికి పట్టుకునే లోపల అది ఆయనే చెప్పేసి ఉంటున్నాడు. జీవితమంతా సరుకులో లొసుగు వెతకడమే నా పని. కొనేటప్పుడు వెతుకుతాను, అమ్మేటప్పుడు కప్పుతాను. ఎదుటివాడు తన లొసుగులన్నీ తనే బల్ల మీద పరిచేస్తే ఏం చేయాలో మా నాన్న నాకు నేర్పలేదు. ఉన్నట్టుండి నాకు ఆ కేంద్రం మీద నమ్మకం కుదిరింది. ఇన్ని చెప్పినవాడు దాచింది ఏముంటుంది? కొట్టులో అయితే ఈపాటికి చెయ్యి జేబులోకి పోయేది.

"తీసుకుంటాను," అనేశాను.

"ఏం తీసుకుంటావు?"

"అదే, లైసెన్సు ఇస్తాను."

"అడిగినన్ని ఏళ్లకా?"

"అన్నేళ్లకు ఎలా ఇస్తాను? గొట్టం మార్చుకుని రండి. అప్పుడు మళ్లీ చూస్తాను."

అన్నాక నాకు అర్థమైంది, ఎవరి తరఫున వచ్చానో. ఒక అనపకాయ వచ్చి నా నుదుటికి తగిలింది.

"నిన్ను పిలిపించింది ఇందుకేనంటరా, తలకాయ లేనోడా!" అంది అక్క. "పొద్దున్నించీ నా సాంబారు తాగి, ఇప్పుడు ఆ పక్క చేరినావు!"

బావ నవ్వలేదు. కూర్చుని, చాటలోంచి రెండు కాయలు తీసుకుని తనూ ఒలవడం మొదలుపెట్టాడు.  సముద్రం హోరు ఒకటే.

చివరికి అక్కే అడిగింది. "ఆ గొట్టం సంగతి మీరు చెప్పకపోతే వాళ్లకు తెలుస్తాదా?"

"రేపటికి తెలీదు."

"మనకు?"

"మనకు తెలుసు గదా. ఈడ పడుకునేది మనమే."

అక్క చాట పట్టుకుని లోపలికి పోయింది. వంటింట్లోంచి గొంతు వినిపించింది. "రేపు ఏ చొక్కా వేసుకుంటారు? ఇస్తిరీ చెయ్యాల."

శుక్రవారం పొద్దున బావ ఎప్పటి బస్సుకే వెళ్లాడు. నాకేమీ తోచక సముద్రం ఒడ్డుకు పోయాను. పడవలు వచ్చి ఉన్నాయి, వలల్లోంచి చేపలు దులుపుతున్నారు. అక్కడ మాత్రం ధరలు రాసి లేవు. మేము శాకాహారులమైనా కాసేపు నిలబడి బేరాలు విన్నాను, ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఇసక మీద కూర్చుని ఆ రెండు కప్పుల వైపు చూశాను. లోపల ఎక్కడో ఒక గదిలో మా బావ లేచి నిలబడి, పాతబడింది సార్ అంటూ ఉంటాడు.  ముద్ర రోజున కూడా నేను ఇంత ఎప్పుడూ భయపడలేదు.

ఇంటికొస్తే అక్క పోపుల డబ్బా గిన్నెలన్నీ బయటికి తీసి తుడుస్తోంది. తుడిచినవే మళ్లీ తుడుస్తోంది. 

ఒంటిగంట దాటాక బావ వచ్చాడు. మొహం చూసి ఏమీ చెప్పలేం, ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. చేతులు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. అక్క అన్నం పెట్టింది, పప్పు వేసింది, నెయ్యి గిన్నె పట్టుకుని నిలబడిపోయింది.

"చెప్తేనే నెయ్యి."

"ఆపమన్నారు," అన్నాడు బావ.

గిన్నె అక్క చేతిలో కొంచెం కిందికి దిగింది.

"ఆపి, గొట్టం మార్చమన్నారు. మార్చినాక అడిగిన దాంట్లో సగం కాలానికి నడపొచ్చని రాస్తామన్నారు. కాగితం బొంబాయి నుంచి రావాల. మార్చే పనికి ఈడి మనుషులే కావాలంట. ఎవర్నీ ఎక్కడికీ పంపొద్దన్నారు."

"సగమేనా?" అన్నాను నేను. నోరు ఊరుకోదు. "రెట్టింపు అడిగి ఉంటే..."

"సుబ్బూ," అంది అక్క, "నోరు మూసుకుని అన్నం తిను."

నెయ్యి వేసింది. పప్పు మునిగిపోయేలా వేసింది. బావ చాలు చాలంటున్నా ఆమె వినలేదు. తర్వాత నా విస్తరి దగ్గరికొచ్చి, గిన్నె నా వైపు వంచుతూ మెల్లగా అంది. "టౌన్‌లో రాతి గ్రైండర్ ఒకటి చూడు రా. పెద్దది. ఇద్దరు మోస్తే గానీ కదలనిది. ఎప్పుడు ఎక్కడికి పోతామో ఏమోనని ఇన్నాళ్లూ కొనలేదు."

"మంచి ధరకు మాట్లాడతాను."

"ధర సంగతి సరే. దాంట్లో ఏం లోపం ఉండాదో కొట్టాయన్ని ముందు అడుగు."

తిరుగు బస్సు మూడున్నరకు ఎక్కాను. ఈసారి కూడా ఎండ ఎడమ పక్కే కాబట్టి మీరూ కుడి పక్కే కూర్చోండి, ఉప్పు కయ్యలు కూడా ఇప్పుడు ఆ పక్కే వస్తాయి. కాలనీలో చూడాల్సినవేవీ లేవు, అనుమతి ఉన్న దారులూ తక్కువే. అయినా ఎవరైనా అక్కడి ఇంటివాళ్లు పిలిస్తే తప్పక వెళ్లండి. అంత నిదానంగా ఉండే మనుషులు మా టౌన్‌లో దొరకరు. తమ యంత్రం గురించి వాళ్లు మాట్లాడుకునే తీరు, ఇంట్లో ముసలమ్మకు చెవి ఎంత వినిపిస్తుందో, మోకాలు ఎంత వంగుతుందో ఒకరికొకరు చెప్పుకున్నట్టే ఉంటుంది. దాపరికం ఉండదు, విసుగూ ఉండదు.

రెండు స్టాపుల తర్వాత ఖాళీ చేపల బుట్టతో ఒకావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. రాయపురం వెళ్లాలట. కిటికీలోంచి ఆ రెండు కప్పుల్ని చూపించి తమిళంలో అడిగింది.

"అది చాలా పాతదైపోయిందంటారే సామీ. మంచిగానే ఉందా?"

బంగారంలా ఉందమ్మా అనాలి. అలవాటు అదే. నోటిదాకా వచ్చింది కూడా.

"పాతదేనమ్మా," అన్నాను. "ఒక గొట్టం అరిగింది. యూనిట్ ఆపి మారుస్తారు. ఒక పంపు కొంచెం అదురుతుందట, ఇంకోటి పక్కన పెట్టుకున్నారు. మార్చినాక కొన్నేళ్లు నడుపుతారు. ఆ తర్వాత మళ్లీ వచ్చి చూస్తారు."

ఆమె నా మొహంలోకి తేరిపార చూసింది. తర్వాత బుట్ట ఒళ్లో పెట్టుకుని, సీట్లోకి వెనక్కి వాలి, నిశ్చింతగా కళ్లు మూసుకుంది.

"ఇంత పచ్చిగా చెప్పేస్తివే. నువ్వు వ్యాపారం చేసే మనిషివి కాదులే సామీ," అంది.

మూడు తరాలుగా తక్కెడలు అమ్ముకు బతికే ఇంటివాణ్ణి. ఆమె బుట్టకు కాస్త చోటిచ్చి జరిగి కూర్చున్నాను.